విడాకులు కోర్టు ఇస్తుంది, లోన్ నుంచి విడుదల బ్యాంకే ఇవ్వాలి

నెదర్లాండ్స్‌లో విడాకులు తీసుకున్నవాళ్లలో చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం ఒకటుంది. కోర్టు ఉత్తర్వు వచ్చేసింది, మున్సిపాలిటీ రిజిస్టర్‌లో నమోదైపోయింది, ఇల్లు ఎవరికి వెళ్లాలో తేలింది, పిల్లలు ఏ వారం ఎవరి దగ్గర ఉండాలో కూడా రాసుకున్నారు. అయినా బ్యాంకు లెక్కలో ఆ ఇంటి లోన్ తీసుకున్నవాళ్లు ఇద్దరే. వాయిదా ఆగితే ఇంట్లో ఉంటున్న మనిషికీ ఉత్తరం వస్తుంది, ఎప్పుడో వెళ్లిపోయి వేరే ఊళ్లో అద్దెకుంటున్న మనిషికీ వస్తుంది. “ఆ ఇంటితో నాకు సంబంధం తెగిపోయింది, విడాకుల ఒప్పందంలో రాసి ఉంది చూడండి” అని ఆ రెండో మనిషి ఎంత మొత్తుకున్నా బ్యాంకు వినదు. చట్టప్రకారం దానికి వినాల్సిన అవసరం లేదు కూడా.

కారణం సూటిగానే ఉంటుంది. లోన్ ఒప్పందంలో పక్షాలు మూడు: ఇద్దరు అప్పుదారులు, ఒక బ్యాంకు. విడాకుల ఒప్పందంలో పక్షాలు రెండే. ఇద్దరు కూర్చుని రాసుకున్న కాగితం మూడోవాడి హక్కును తగ్గించలేదు. డచ్ సివిల్ కోడ్ ఆరో పుస్తకంలో 155వ అధికరణం ఇదే చెబుతుంది: ఒకరి అప్పును మరొకరు నెత్తిన వేసుకోవచ్చు, కానీ అప్పు ఇచ్చినవాడు ఒప్పుకుంటేనే అది అతని మీద చెల్లుతుంది. మీడియేటర్ ఎంత చక్కగా రాసినా, జడ్జి దాన్ని ఉత్తర్వులో కలిపినా ఈ లెక్క మారదు. విడాకుల కేసులో బ్యాంకు కక్షిదారు కాదు కాబట్టి ఆ ఉత్తర్వు దాన్ని కట్టిపడేయదు.

లోన్ తీసుకున్న రోజు నోటరీ ఆఫీసులో సంతకం పెట్టిన దస్తావేజు తిరగేస్తే, ఇద్దరి పేర్ల దగ్గర ‘హోఫ్దెలెక్’ అన్న డచ్ మాట ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఒక్కొక్కరూ మొత్తం అప్పుకు బాధ్యులని దాని సారం. అదే పుస్తకంలోని 7వ అధికరణం ప్రకారం బ్యాంకు ఎవరినైనా ఎంచుకుని పూర్తి మొత్తం అడగొచ్చు. “నా సగం నేను కట్టేశాను, మిగతా సగం అతన్ని అడగండి” అన్న జవాబు అక్కడ నడవదు. నాలుగు లక్షల యూరోల లోన్ అంటే ఇద్దరికీ చెరో రెండు లక్షలు కాదు. ఇద్దరికీ చెరో నాలుగు లక్షలు, బ్యాంకుకు రావాల్సింది మాత్రం ఒక్కసారే.

సగం సగం అన్న లెక్క ఆ ఇద్దరి మధ్య ఉంటుంది. తన వాటాకు మించి కట్టిన మనిషి, ఆ మించిన మొత్తాన్ని రెండోవాళ్ల నుంచి రాబట్టుకోవచ్చని 10వ అధికరణం చెబుతుంది. కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. అయితే రాబట్టుకోవాల్సిన రోజు వచ్చిందంటే, అప్పటికే అవతలి మనిషి వాయిదా కట్టలేని స్థితిలోనో, కట్టకూడదన్న పంతంలోనో ఉన్నట్టు లెక్క. అలాంటివాళ్ల మీద దావా వేసి డబ్బు తెచ్చుకోవడం ఎంతపనో వేరే చెప్పక్కర్లేదు. విడాకుల ఒప్పందంలో ‘ఇకపై లోన్ అంతా అతనే భరించాలి, ఆమెకు ఏ భారం రాకుండా చూసుకోవాలి’ అని రాసే వాక్యం విలువ కూడా ఇంతే. ఆమెకు ఇబ్బంది వస్తే అతన్ని అడిగే హక్కు ఇస్తుంది, ఇబ్బంది రాకుండా మాత్రం ఆపదు.

సంతకం ఎలా పెట్టారన్నది ముఖ్యం

పెళ్లి ఆస్తుల పద్ధతికీ ఈ బాధ్యతకూ తరచూ ముడిపెడుతుంటారు. అక్కడే గందరగోళం మొదలవుతుంది. 2018 జనవరి 1కి ముందు నెదర్లాండ్స్ చట్టం కింద పెళ్లి చేసుకున్న జంటకు, నోటరీ దగ్గర వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఆస్తులూ అప్పులూ దాదాపు అన్నీ ఉమ్మడి. ఆ తేదీ తర్వాతి పెళ్లిళ్లలో ఉమ్మడి పరిధి తగ్గింది. పెళ్లికి ముందు సొంతంగా ఉన్నవి, వారసత్వంగా వచ్చినవి, కానుకగా వచ్చినవి ఎవరివి వారివే. ఇద్దరి పేరా కలిసి కొన్న ఇల్లు, దానికి తీసుకున్న లోన్ మాత్రం పెళ్లికి ముందు కొన్నా ఉమ్మడిలోకే వస్తాయి.

ఈ నియమాలన్నీ భార్యాభర్తల మధ్య ఎవరికెంత అన్నది తేల్చడానికి. బ్యాంకు చూసేది ఒక్కటే: దస్తావేజు మీద అప్పుదారుగా ఎవరు సంతకం పెట్టారు? ఆస్తులన్నీ విడివిడిగా పెట్టుకున్న జంట అయినా, పెళ్లే చేసుకోకుండా కలిసి ఉంటున్న జంట అయినా, ఇద్దరూ అప్పుదారులుగా సంతకం పెడితే ఇద్దరూ పూర్తి మొత్తానికి బాధ్యులే. పెళ్లి కాని జంటలు ఇళ్లు కొనడం డచ్ సమాజంలో మామూలు విషయం. విడిపోతే వాళ్లకు విడాకుల కేసు ఉండదు కానీ లోన్ తలనొప్పి అచ్చంగా ఇదే.

దీనికి ఒక తిరగబడ్డ రూపం కూడా ఉంది. ఇల్లు, లోన్ రెండూ ఒక్కరి పేరు మీదే ఉన్నాయనుకుందాం. కాపురం ఉంటున్న ఇంటిని తనఖా పెట్టాలంటే రెండోవాళ్ల సమ్మతి కావాలి, కాబట్టి వాళ్లూ ఒక సంతకం పెడతారు. అది సమ్మతి సంతకం, అప్పుదారు సంతకం కాదు. ఈ రెండింటికీ మధ్య తేడా విడాకుల రోజున లక్షల యూరోల్లో తేలుతుంది. ఆస్తి ఉమ్మడి అయితే, అప్పుదారుగా సంతకం పెట్టని మనిషిని కూడా విడాకుల తర్వాత బ్యాంకు అడగొచ్చు. కానీ ఒకటో పుస్తకం 102వ అధికరణం ప్రకారం ఉమ్మడి ఆస్తి నుంచి ఆ మనిషికి పంపకంలో దక్కినదాని మీదే వసూలు చేసుకోవాలి, ఆ మనిషి సొంత జీతం జోలికి వెళ్లకూడదు. అప్పుదారుగా సంతకం పెట్టినవాళ్లకు ఈ రక్షణ లేదు. అందుకే లాయర్ దగ్గరికి వెళ్లేవాళ్లు పెళ్లి సర్టిఫికెట్ కంటే ముందు తనఖా దస్తావేజు వెతికిపెట్టుకోవడం మంచిది.

తేదీల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఉమ్మడి ఆస్తి రద్దయ్యేది విడాకుల అర్జీ కోర్టులో దాఖలైన రోజున. పెళ్లి రద్దయ్యేది ఉత్తర్వు పౌర రిజిస్టర్‌లో నమోదైన రోజున. ఉత్తర్వు అంతిమమయ్యాక ఆరు నెలల్లోగా ఆ నమోదు చేయించకపోతే ఉత్తర్వే చెల్లకుండా పోతుంది. ఇంటి విలువ లెక్కగట్టేది మాత్రం, వేరే తేదీకి ఒప్పుకోకపోతే, సాధారణంగా నిజంగా పంచుకునే రోజు నాటి ధర ప్రకారం. ఈ మూడు తేదీల మధ్య ఏడాదో రెండేళ్లో గడిచిపోవచ్చు. ధరలు పెరుగుతున్న కాలంలో ఆలస్యం ఒకరికి లాభం, మరొకరికి నష్టం. బ్యాంకు బాధ్యత మాత్రం ఈ మూడు తేదీల్లో దేనితోనూ ముగియదు.

ఇల్లు ఒకరే ఉంచుకోవాలంటే

ఇల్లు అమ్మేసి, లోన్ తీర్చి, మిగిలింది పంచుకుంటే సమస్య అక్కడితో తీరిపోతుంది. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. చిక్కంతా ఒకరు అదే ఇంట్లో ఉంటామన్నప్పుడు వస్తుంది. పిల్లల బడి పక్కనే ఉండటం, ఇప్పటి మార్కెట్‌లో ఆ డబ్బుకు మరో ఇల్లు దొరక్కపోవడం వంటి కారణాలతో ఈ కోరిక చాలామందికి ఉంటుంది.

ఐండ్‌హోవెన్ దగ్గర ఒక జంటకు 4,80,000 యూరోల విలువైన ఇల్లు, దాని మీద 3,80,000 లోన్ మిగిలి ఉన్నాయనుకుందాం. తేడా లక్ష. సగం సగం అయితే వెళ్లిపోయే మనిషికి 50,000 ఇవ్వాలి. ఉండిపోయే మనిషి దగ్గర ఆ నగదు లేకపోతే, దాన్ని కూడా లోన్‌గా తెచ్చుకోవాలి. అంటే ఇప్పటిదాకా రెండు జీతాల మీద నిలబడ్డ 3,80,000 అప్పు, ఒక్క జీతం మీద 4,30,000 అవుతుంది. డచ్ బ్యాంకులు, కుటుంబ బడ్జెట్ల మీద సలహాలిచ్చే నిబూద్ సంస్థ సూచనల మీద ఏటా ఖరారయ్యే ఆదాయ ప్రమాణాల ప్రకారం లోన్ ఇస్తాయి. వడ్డీ నాలుగు శాతం చుట్టుపక్కల ఉన్నప్పుడు మంచి జీతం ఉన్నవాళ్లకు దాదాపు నాలుగున్నర నుంచి ఐదు రెట్ల వార్షికాదాయం దాకా లోన్ వస్తుందనుకుంటే, ఈ ఇంటిని ఒంటరిగా నిలబెట్టుకోవడానికి ఏటా 90 వేల యూరోల దరిదాపు జీతం కావాలి. మాజీ భార్యకో భర్తకో భరణం కడుతున్నవాళ్లయితే ఆ మేరకు లోన్ స్తోమత తగ్గిపోతుంది.

బ్యాంకు ఉమ్మడి బాధ్యత నుంచి ఒకరిని విడుదల చేయడానికి ఒప్పుకునేది ఈ పరీక్ష నెగ్గితేనే. దీన్ని బ్యాంకు కర్కశత్వం అనుకునేవాళ్లున్నారు. ‘ఇన్నేళ్లుగా వాయిదా ఒక్కడే కడుతున్నాడు, ఒక్కటీ తప్పలేదు, ఇంకేం కావాలి?’ అని వాదిస్తారు. బ్యాంకు వైపు నుంచి చూస్తే, ఒక లోన్‌కు ఇద్దరు జవాబుదారులు ఉన్నప్పుడు ఒకరిని ఊరికే వదిలేయడం అంటే సగం భద్రత పోగొట్టుకోవడమే. ఆదాయం సరిపోతుందని లెక్క తేలినా కాదంటే, ఆర్థిక సేవల ఫిర్యాదుల సంస్థ అయిన కిఫిడ్‌కు వెళ్లొచ్చు. సరిపోదని తేలితే అక్కడా పెద్దగా ఆశ పెట్టుకోలేం.

అసలు ప్రమాదం ఎక్కడుందంటే, యాజమాన్యం ఒక కాగితం మీద, అప్పు మరో కాగితం మీద నడుస్తాయి. నోటరీ రాసే పంపకం దస్తావేజు భూమి రిజిస్టర్ అయిన కడాస్టర్‌లో నమోదైతే ఇల్లు ఒకరి సొంతం అవుతుంది. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే రెండోవాళ్లు అప్పు నుంచి బయటపడతారు. మొదటిది జరిగి రెండోది జరగకపోతే వెళ్లిపోయిన మనిషికి ఇల్లూ లేదు, అప్పూ తీరలేదు. ఇంటి విలువ పెరిగితే లాభం అవతలివాళ్లది, పడిపోతే నష్టం తనకూ తగులుతుంది. ఈ రెండు పనులూ ఒకే రోజు, ఒకే నోటరీ బల్ల దగ్గర జరిగేలా చూసుకోవాలని అనుభవమున్న లాయర్లు పట్టుబట్టేది ఇందుకే. విడాకుల వల్ల ఉమ్మడి ఇల్లు ఒకరికి వెళ్లినప్పుడు ఆస్తి బదిలీ పన్ను ఉండదు కాబట్టి తొందరగా రాసేసుకుందాం అనిపిస్తుంది. బ్యాంకు జవాబు రాకముందు ఆ తొందర పనికిరాదు.

ఇంకో దారి ఉంది. ఉండిపోయే మనిషి వేరే బ్యాంకులో తన ఒక్క పేరు మీద కొత్త లోన్ తీసుకుని పాతది పూర్తిగా తీర్చేయడం. పాత లోన్ మాఫీ కాదు, ముగిసిపోతుంది. కాబట్టి విడుదల అన్న ప్రశ్నే రాదు. వెళ్లిపోయే మనిషికి ఇంతకన్నా శుభ్రమైన పరిష్కారం లేదు. ఉండిపోయే మనిషికి మాత్రం ఇది చేదు మాత్ర కావచ్చు. 2020, 2021 ప్రాంతంలో ఇరవై ఏళ్లకు రెండు శాతం లోపు స్థిర వడ్డీతో లోన్ తీసుకున్నవాళ్లు, ఆ లోన్ మూసేసి ఇప్పటి రేటుకు కొత్తది తీసుకుంటే నెల వాయిదా ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే పాత లోన్‌నే ఒక్క పేరు మీద కొనసాగించడానికి వాళ్లు గట్టిగా ప్రయత్నిస్తారు. పాత భాగానికి పాత రేటే నిలుస్తుంది, వాటా చెల్లించడానికి తెచ్చుకున్న అదనపు 50,000కు మాత్రం కొత్త రేటు పడుతుంది. చౌక వడ్డీని కొత్త ఇంటికి తీసుకెళ్లే వెసులుబాటును వెళ్లిపోయే మనిషి కూడా సగానికి అడగొచ్చా అన్నది బ్యాంకు షరతుల్ని బట్టి ఉంటుంది. బేరాల్లో ఈ చౌక వడ్డీకి కూడా ఒక ధర ఉందన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

లోన్‌తో ముడిపడ్డ టర్మ్ ఇన్సూరెన్స్ పాలసీని కూడా ఇదే సమయంలో చూసుకోవాలి. ఒకరు పోతే రెండోవాళ్లకు డబ్బు వచ్చేలా రాసిన పాలసీలు విడాకుల తర్వాత కూడా అలాగే నడుస్తూ పోవడం అరుదేమీ కాదు.

మధ్యకాలంలో ఎవరు కట్టాలి

అర్జీ వేసిన రోజు నుంచి ఇల్లు తేలే రోజు దాకా వాయిదాలు ఆగవు. ఎక్కువ గొడవలు ఈ కాలంలోనే పుడతాయి. పై ఉదాహరణలోనే 3,80,000 లోన్‌కు మూడు శాతం వడ్డీతో ముప్పై ఏళ్ల సమాన వాయిదా తీసుకుంటే నెలకు సుమారు 1,600 యూరోలు. మొదటి నెలలో అందులో 950 వడ్డీకి, 650 అసలుకు పోతాయి. ఇంట్లో ఉంటున్న మనిషే మొత్తం 1,600 కడుతున్నాడనుకుందాం. వడ్డీ 950ని ఇంట్లో ఉండటానికయ్యే ఖర్చుగా తనే భరించడం సబబు అనిపించవచ్చు. అసలు కింద పోయిన 650 సంగతి వేరు. అది అప్పును తగ్గిస్తుంది. అప్పు తగ్గితే ఇంటి మీద మిగులు పెరుగుతుంది. ఆ మిగులులో సగం వెళ్లిపోయిన మనిషిది. అంటే నెలనెలా 325 యూరోలు ఒకరి జేబులోంచి మరొకరి ఖాతాలోకి వెళ్తున్నట్టే. ఏడాదిన్నర సాగితే ఇది దాదాపు ఆరు వేలు.

అవతలి నుంచి ఇంకో వాదన వస్తుంది: “ఇల్లు నాది కూడా. నువ్వొక్కడివే ఉంటున్నావు కాబట్టి నా సగానికి పరిహారం ఇవ్వు.” ఉమ్మడి ఆస్తిని ఒకరే వాడుకుంటున్నప్పుడు రెండోవాళ్లు పరిహారం అడగడానికి డచ్ చట్టంలో, మూడో పుస్తకం 169వ అధికరణం ఆధారంగా, దారి ఉంది. జడ్జీలు ఈ రెండు వాదనల్నీ పక్కపక్కన పెట్టి, ఉంటున్న మనిషి వడ్డీ అంతా కడుతుంటే పరిహారం వేరుగా ఇవ్వనక్కర్లేదనో, కొంత మాత్రమే ఇవ్వాలనో తేలుస్తుంటారు. ఏ కేసుకు ఆ కేసే. మధ్యంతర కాలానికి నాలుగు వాక్యాలు రాసుకుని ఉంటే కోర్టు దాకా వెళ్లాల్సిన పని ఉండదు: వడ్డీ ఎవరిది, అసలు ఎవరిది, పరిహారం ఉందా లేదా, రిపేర్లు ఎవరు చేయించాలి.

పన్ను వైపు నుంచి రెండేళ్ల గడువు ఒకటి ఉంది. డచ్ ఆదాయపు పన్నులో సొంతింటి లోన్ వడ్డీకి మినహాయింపు వస్తుంది, కానీ ఆ ఇంట్లో నివసిస్తుంటేనే. విడాకుల సందర్భంలో ఒక సడలింపు ఇచ్చారు: వెళ్లిపోయిన మనిషి ఇంట్లో ఇంకా వాటాదారుగా ఉండి, మాజీ భాగస్వామి అక్కడే ఉంటుంటే, బయటికి వచ్చిన నాటి నుంచి గరిష్ఠంగా రెండేళ్ల పాటు తన సగం వడ్డీకి మినహాయింపు పొందవచ్చు. ఆ తర్వాత ఆ వాటా సొంతిల్లుగా కాక, పొదుపులూ పెట్టుబడుల మీద పన్ను వేసే పద్దులోకి పోతుంది. అక్కడ వడ్డీ మినహాయింపు ఉండదు. మొత్తం వాయిదా వెళ్లిపోయిన మనిషే కడుతుంటే, మాజీ భాగస్వామి వాటా వడ్డీని భరణంగా లెక్కించే వీలుంది. అలా లెక్కిస్తే కట్టినవాళ్లకు మినహాయింపు, అందుకున్నవాళ్లకు ఆదాయం. ఏది ఏ పేరుతో కడుతున్నారో ఒప్పందంలో రాయకపోతే పన్నుల శాఖతో పేచీ తప్పదు.

ఒకరు కదలకపోతే

ఇల్లు అమ్మడానికీ ఒప్పుకోరు, లోన్ తమ పేరు మీదికీ మార్చుకోరు, ఇంట్లో మాత్రం ఉంటారు. ఇలాంటివాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. ఉమ్మడి ఆస్తిలో ఎవరూ శాశ్వతంగా ఇరుక్కుని ఉండనక్కర్లేదన్నది డచ్ చట్టం మూలసూత్రం. మూడో పుస్తకం 178వ అధికరణం కింద ఏ వాటాదారైనా పంపకం అడగొచ్చు. విడాకుల తర్వాత ఆరు నెలల దాకా ఒకరు ఇంట్లో కొనసాగేందుకు కోర్టు అనుమతించవచ్చు, అదీ తగిన పరిహారం మీద. ఆ తర్వాత జడ్జి తరచూ ఇచ్చే ఉత్తర్వు ఒకే అచ్చులో ఉంటుంది: ఫలానా గడువులోగా లోన్ ఏర్పాటు చేసుకుని రెండోవాళ్లను ఉమ్మడి బాధ్యత నుంచి విడుదల చేయించు, లేకపోతే ఇల్లు బయటివాళ్లకు అమ్మకానికి పెట్టాలి. అప్పుడూ సహకరించకపోతే తీర్పే ఆ మనిషి సంతకం స్థానంలో నిలబడేలా ఆదేశించవచ్చు.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ ఉత్తర్వుల్లో ఏదీ బ్యాంకును ఉద్దేశించి ఉండదు. ‘విడుదల చేయించు’ అని మాజీ భాగస్వామికి చెబుతారే తప్ప ‘విడుదల చెయ్యి’ అని బ్యాంకుకు చెప్పరు. కోర్టు చేతిలో ఉన్న ఆయుధం అమ్మకం ఒక్కటే. ఆయుధం పదునైనదే, ఎందుకంటే ఇల్లు పోతుందన్న భయంతో చాలామంది గడువులోగా ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటారు.

ఈలోగా వాయిదాలు తప్పితే నష్టం ఇద్దరికీ. అప్పుల రిజిస్టర్ అయిన బీకేఆర్‌లో మామూలుగా ఇంటి లోన్లు నమోదు కావు, బకాయి పడితేనే ఎక్కుతాయి. ఎక్కితే అప్పుదారులిద్దరి పేర్లూ ఎక్కుతాయి. బకాయి తీరిపోయాక కూడా ఆ మచ్చ ఐదేళ్లు ఉంటుంది. ఇంట్లో ఉంటున్న మనిషి కట్టడం మానేసిన సంగతి వెళ్లిపోయిన మనిషికి తన సొంత లోన్ దరఖాస్తు తిరస్కరించినప్పుడు తెలియడం కన్నా అన్యాయం ఉండదు. బకాయి లేకపోయినా పాత లోన్ పేరు మీద ఉన్నంతకాలం కొత్త బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కొత్త జీవితం మొదలుపెట్టి ఇల్లు కొందామనుకున్నవాళ్లకు ముందు అడ్డొచ్చేది ఇదే.

ఇంటి ధర లోన్ కన్నా తక్కువకు పడిపోయిన కాలంలో ఉమ్మడి బాధ్యత అసలు రూపం బయటపడుతుంది. 2008 నుంచి 2013 దాకా డచ్ ఇళ్ల ధరలు సుమారు ఐదో వంతు పడిపోయాయి. పది లక్షలకు పైగా కుటుంబాలు ఇంటి విలువకు మించిన అప్పుతో మిగిలాయి. అప్పట్లో విడిపోయిన జంటలకు ఇల్లు అమ్మినా 30, 40 వేల యూరోల అప్పు మిగిలేది. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లోలా తాళాలు ఇచ్చేసి బయటపడటం నెదర్లాండ్స్‌లో కుదరదు. మిగిలిన అప్పు మొత్తానికి మళ్లీ ఇద్దరూ బాధ్యులే, బ్యాంకు ఎవరి దగ్గర సులువుగా దొరికితే వాళ్లనే అడుగుతుంది. ఎన్‌హెచ్‌జి అనే జాతీయ తనఖా హామీ కింద తీసుకున్న లోన్లకు ఇక్కడ ఊరట ఉంది. విడాకులు, ఉద్యోగం పోవడం వంటి కారణాలతో ఇల్లు నష్టానికి అమ్మాల్సి వస్తే, షరతులు పాటించి, నష్టం తగ్గించడానికి సహకరించినవాళ్లకు మిగిలిన అప్పు మాఫీ అవుతుంది. 2025లో ఈ హామీ దొరికే గరిష్ఠ పరిమితి 4,50,000 యూరోలుగా ఉండేది. దానికి కట్టే రుసుము లోన్‌లో 0.4 శాతం. ఇల్లు కొనే రోజు ఎవరూ విడాకుల గురించి ఆలోచించరు కానీ ఆ రుసుముతో కొంటున్న వాటిలో ఆ రక్షణ కూడా ఒకటి.

తెలుగు జంటల సంగతి

ఐండ్‌హోవెన్, ఆమ్‌స్టెల్‌వేన్ వంటి చోట్ల ఐటీ, చిప్ కంపెనీల్లో పనిచేస్తూ ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాలకు పై చిక్కుల మీద ఇంకో పొర కలుస్తుంది. పెళ్లి తిరుపతిలోనో వరంగల్‌లోనో జరిగింది, ఇల్లు నెదర్లాండ్స్‌లో కొన్నారు. ఇద్దరూ నెదర్లాండ్స్‌లో స్థిరంగా నివసిస్తుంటే అక్కడి కోర్టులో విడాకులు తీసుకోవచ్చు. ఆస్తులకు ఏ దేశ చట్టం వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న. 2019 జనవరి 29న గానీ ఆ తర్వాత గానీ పెళ్లి చేసుకున్నవాళ్లకు యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, ముందే వేరే ఎంపిక చేసుకోకపోతే, పెళ్లయ్యాక మొదట కలిసి కాపురం పెట్టిన దేశపు చట్టం ప్రధానం. అంతకుముందు పెళ్లిళ్లకు 1978 నాటి హేగ్ ఒప్పందం కింద లెక్క మారుతుంది, కొన్నేళ్లు నివసించాక చట్టం దానంతటదే మారిపోయే సందర్భాలూ ఉన్నాయి. భారతీయ చట్టంలో భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి అన్న పద్ధతి లేదు కాబట్టి పంపకం ఫలితం బాగా తేడా రావచ్చు. అయితే ఏ చట్టం వర్తించినా, డచ్ బ్యాంకు దగ్గర ఇద్దరూ పెట్టిన అప్పుదారు సంతకాలు మారవు.

ఒకరు ఇండియాకు వెళ్లిపోతే బ్యాంకుకు అందుబాటులో ఉన్నది రెండోవాళ్లే. వాయిదా మొత్తం వాళ్లే కట్టి, సగం రాబట్టుకోవడానికి డచ్ కోర్టులో డిక్రీ తెచ్చుకున్నా దాన్ని హైదరాబాద్ కోర్టులో నేరుగా అమలు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద భారత్ గుర్తించిన దేశాల జాబితాలో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి కానీ నెదర్లాండ్స్ లేదు. ఆ డిక్రీని ఆధారంగా చూపిస్తూ ఇక్కడ కొత్తగా దావా వేయాల్సిందే. విడాకుల ఉత్తర్వుకు కూడా ఇక్కడ పరీక్ష ఉంటుంది. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటకు అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకుల్ని 1991లో మన సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఆ కోర్టు పరిధిని ఒప్పుకున్నారా, పెళ్లి జరిగిన చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు ఇచ్చారా అన్నది చూడాలని చెప్పింది. ఇద్దరూ కలిసి వేసిన అర్జీ ఈ విషయంలో ఎంతో నయం.

ఇండియాకు వచ్చేసిన మనిషి సంతకం నోటరీ బల్ల దగ్గర కావాల్సి వస్తే విమానం ఎక్కాల్సిన పనిలేదు. డచ్ నోటరీ పంపిన పవర్ ఆఫ్ అటార్నీ మీద ఇక్కడి నోటరీ ముందు సంతకం చేసి, విదేశాంగ శాఖ దగ్గర అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించి పంపవచ్చు. కానీ దీనికి వారాలు పడుతుంది. లోన్ ఆఫర్ గడువు ఈలోగా దాటిపోతే కొత్త వడ్డీతో కొత్త ఆఫర్ తెచ్చుకోవాలి. దేశం వదిలి వెళ్లేముందే పంపకం, అమ్మకం, విడుదల మూడింటికీ కలిపి ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాసి పెట్టి వెళ్లమని నోటరీలు చెబుతుంటారు.

హైదరాబాద్‌లో ఇద్దరి పేరు మీద లోన్ తీసుకుని ఫ్లాట్ కొన్న జంటకు కూడా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. 1872 నాటి భారతీయ కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ కూడా ఉమ్మడిగా మాట ఇచ్చినవాళ్లలో ఎవరినైనా పూర్తి మొత్తం అడిగే హక్కును అప్పు ఇచ్చినవాళ్లకే ఇస్తుంది. ఫ్యామిలీ కోర్టు డిక్రీ చూపించి ఒక పేరు తీసేయమంటే ఇక్కడి బ్యాంకు కూడా ముందు అడిగేది మిగిలిన మనిషి పే స్లిప్పులే.